కృపావతి అత్త చెప్పని పేరు

మా బాంబూఫ్లాట్ కృపావతి అత్తకి ఒక మనిషిని చంపాలంటే కత్తి అక్కర్లేదు, విషం అక్కర్లేదు, చేతబడి అసలే అక్కర్లేదు. ఆదివారం పొద్దున చర్చిలో ఆ మనిషి పేరెత్తి దేవుడికి స్తోత్రం చెప్పకుండా ఊరుకుంటే చాలు. మళ్లీ ఆదివారం వచ్చేలోగా ఆ మనిషిని సమాధుల తోటలో వెతుక్కోవలసిందే. నమ్మకం లేకపోతే చాథమ్‌లో ఫెర్రీ ఎక్కి ఎవరినైనా అడగండి. ఫెర్రీ ఇవతలి ఒడ్డుకు తగిలేలోపు కనీసం ముగ్గురు ఇదే మాట చెబుతారు. ఆ ముగ్గురికీ చెప్పింది నేనే అనుకోండి, అది వేరే సంగతి.

మనిషిని చూస్తే మాత్రం అలా అనిపించదు. యాభై ఆరేళ్ల మనిషి, పీలగా ఉంటుంది, ఎడమ చేతి బొటనవేలికి ఎప్పుడూ గుడ్డపీలిక చుట్టి ఉంటుంది. జెట్టీ పక్కన రేకుల కొట్టులో కూర్చుని బరకాలు, అంటే టార్పాలిన్లు, కుడుతుంది. డోంగీ పడవల మీద కప్పే నీలం బరకాలు, లారీల మీద కట్టే పచ్చ బరకాలు, వానాకాలం ఇళ్ల చూరుకి వేలాడదీసేవి, అన్నీ ఆమె దబ్బనం కిందికి రావలసిందే. ఆమె కుట్టిన బరకం మీద నాలుగు ఏనుగుల్ని కూర్చోబెట్టి హావ్‌లాక్ దీవి దాకా ఈడ్చుకుపోవచ్చు. రెండు ఏనుగులతో నేను కళ్లారా చూశాను.

వాళ్ల నాన్న సోంపేట దగ్గర ఊరి నుంచి కర్రల మిల్లు పనికి ఈ దీవులకొచ్చాడు. కృపావతి అత్త ఇక్కడే పుట్టింది, ఇక్కడే పెళ్లాడింది. భర్త తాపీమేస్త్రి. సునామీ వచ్చిన ఏడాది డిసెంబరులో కార్ నికోబార్‌లో పని ఉందని ఓడెక్కాడు, ఇక రాలేదు. సునామీ వచ్చిన ఆదివారం పొద్దున్నే భూమి ఊగిందని మా వాళ్లు చర్చి లోపలికి వెళ్లడానికి భయపడి, బయట చెట్ల కింద నిలబడి ఆరాధన జరుపుకున్నారట. మా అమ్మ చెబుతుంది. కృపావతి అత్త ఆ రోజు గురించి ఎవరితోనూ మాట్లాడదు. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక తమ్ముడు, ఏలీయా. డోంగీ ఉంది వాడికి, ఇంజన్ డోంగీ. చేపలు పడతాడు.

ఇక చర్చి సంగతి. తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు, నాలుగు ఫ్యాన్లు, రేకుల కప్పు. ముందు పాటలు. తరవాత కృతజ్ఞతా స్తుతులు, అంటే దేవుడు చేసిన మేళ్లకి వందనాలు. ఆ తరవాత ప్రార్థన అంశాలు, అంటే ఇంకా చేయవలసినవాటికి విన్నపాలు. ఈ రెంటినీ కలపకూడదని మా పాస్టర్ లాయిడ్ గారు ఏడాదికి పదిసార్లు చెబుతారు. "అందింది వేరు, అడిగేది వేరు" అంటారు. స్తుతుల భాగం కృపావతి అత్తది. పాతికేళ్లు కావస్తోంది, ఇంకెవరూ ఆ పని చేయలేదు. లేచి నిలబడి, కొంగు తల మీదికి లాక్కుని, నెమ్మదిగా ఒక్కో పేరే చెబుతుంది. "ప్రభువా, ఈ వారం అబిగేలుని కాపాడినందుకు స్తోత్రం." అందరం "స్తోత్రం" అంటాం. "శివాజీని కాపాడినందుకు స్తోత్రం." మళ్లీ అందరం. చేతిలో కాగితం ఉండదు. కళ్లు తెరిచే ఉంటాయి. చిన్నప్పుడు అది చూస్తే నాకు వీపు మీద చీమలు పాకినట్టు ఉండేది. ప్రార్థనలో అందరి కళ్లూ మూసి ఉంటే ఆమెవి మాత్రం తెరుచుకుని, కుర్చీల మీదుగా ఒక చివరి నుంచి ఇంకో చివరికి మెల్లగా జరుగుతూ ఉండేవి.

అసలు లెక్క కనిపెట్టింది నేనే. లెక్కలు రాకే తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాడిని, అయినా ఈ లెక్క మాత్రం నాకే చిక్కింది. మూడేళ్ల కింద వడ్రంగి సత్యారావు తాత పేరు ఆమె వరసగా మూడు ఆదివారాలు చెప్పలేదు. నాలుగో వారం బుధవారం తాత పోయాడు. ఆ వానాకాలంలోనే గురమ్మ నాయనమ్మ పేరు రెండు ఆదివారాలు రాలేదు. కాలి పుండు ముదిరి ఆమె కూడా పోయింది. గణేశ్వరరావు పేరు ఒక్క ఆదివారమే తప్పింది. వాడు ఆ రోజు చర్చి ఎగ్గొట్టి క్రికెట్ ఆడబోయాడు, కాలు విరిగింది. ఒక్క వారం కాబట్టి కాలుతో పోయింది. నేను ఈ మూడూ కలిపి ఫెర్రీ మీద ఒక సాయంత్రం చెప్పాను. చెప్పేటప్పుడు ఇంకో రెండు చావులు కలిపి ఉంటాను, కథకి బరువుండాలి కదా.

వారం తిరక్కుండా ఆ మాట అవతలి ఒడ్డున గోల్ ఘర్ బజారు చేరింది. అక్కడ అచ్చిబాబు గారని కిరాణా హోల్‌సేల్ వ్యాపారి. మా చర్చి మనిషి కాదు, ఏటా వినాయకుడిని నిలబెట్టే మనిషి. అయినా తన సరుకు ఓడ క్షేమంగా రావాలని, కృపావతి అత్త నోట తన పేరు పలికించమని, చర్చి భోజనాలకి ఒక బియ్యం బస్తా పంపాడు. ఆమె ఆయన పేరు చెప్పలేదు. ఓడ తొమ్మిది రోజులు ఆలస్యమైంది, ఉల్లిపాయలు కుళ్లాయి. అచ్చిబాబు గారు మరుసటి ఆదివారం పోట్లాటకి తనే వచ్చాడు. అప్పటికే ఆరాధన మొదలైపోతే ఏం చేయాలో తెలియక చివరి వరసలో కూర్చున్నాడు. ఆమె చూపు అక్కడిదాకా వచ్చి ఆగింది. "గోల్ ఘర్ నుంచి అచ్చిబాబు గారిని క్షేమంగా తెచ్చినందుకు స్తోత్రం" అంది. ఆయన భయంతో లేచి రెండు చేతులూ జోడించాడు. అప్పటినుంచి నెలకో బస్తా.

అలా నా మాట నా చేతుల్లోంచి జారిపోయింది. జనం శనివారం సాయంత్రాలు కృపావతి అత్త కొట్టు ముందు ఊరికే నిలబడటం మొదలుపెట్టారు. వంజరం ముక్కలు తెచ్చేవాళ్లు, కొబ్బరికాయలు తెచ్చేవాళ్లు. ఆమె ఎందుకని అడిగేది కాదు. చేప తీసుకుని, "పులుసెట్టుకుంటాను" అని లోపల పెట్టేది.

మొన్న మే నెలలో ఒక గురువారం తెల్లవారుతుండగా ఏలీయా డోంగీ తీశాడు. దక్షిణంగా రట్లాండ్ దీవి వైపు పోతున్నానని, శుక్రవారం మధ్యాహ్నానికి వచ్చేస్తానని భార్య అబిగేలుకి చెప్పాడు. ఎప్పుడూ తోడు వెళ్లే శివాజీకి జ్వరం. పేరు శివాజీయే గాని, బాప్తిస్మం తీసుకుని పదేళ్లయింది. ఏలీయా ఒక్కడే వెళ్లాడు. వెళ్లే ముందు, తను 'అప్ప' అని పిలిచే అక్క కొట్టు దగ్గర ఆగి కొత్త నీలం బరకం తీసుకున్నాడు.

"అప్పా, ఈ ముడేటి ఇంత గట్టిగెట్టినావు? ఇప్పుకోడానికే పూట పట్టీసేలాగుంది" అన్నాడట.

"ఊడిపోకుండా ఎట్టినాను. ఇప్పుకోడానికి కాదు" అందట ఆమె.

గురువారం సాయంత్రానికి గాలి మారింది. శుక్రవారం పొద్దున హార్బరులో ప్రమాదపు గుర్తు ఎగరేశారు, ఫెర్రీలు ఆపేశారు. నీళ్లు సీసం రంగుకి తిరిగాయి. ఎప్పుడూ జెట్టీ స్తంభాల మీద కూర్చునే కొంగలు ఒక్కటీ లేవు. మధ్యాహ్నం అయింది, సాయంత్రం అయింది, ఏలీయా రాలేదు. ఫోను మోగటం లేదు. అబిగేలు వెళ్లి రిపోర్టు ఇచ్చింది. శనివారం పెద్ద పడవలు రట్లాండ్ వైపంతా తిరిగాయి. విమానం కూడా ఒకటి తిరిగిందన్నారు. ఏమీ కనపడలేదు.

శనివారం మధ్యాహ్నం నేను ఆ కొట్టులోనే ఉన్నాను. అబిగేలు వచ్చింది. జుట్టు ముడి వేసుకోలేదు. వచ్చి ఆడపడుచు కాళ్ల దగ్గర నేల మీద కూలబడింది.

"వదినా, రేపు మీ తమ్ముడి పేరు సెప్పీ."

కృపావతి అత్త దబ్బనం ఆపలేదు. "వస్తే సెప్తాను."

"రావాలనే సెప్పమంటున్నాను వదినా. నువ్వు సెప్తే వచ్చీస్తాడు. అందరూ అంటున్నారు. ఇదిగో, ఈడే అన్నాడు." అబిగేలు నన్ను చూపించింది. "అచ్చిబాబు గారి పేరు సెప్పినావు, మా ఆయన పేరు సెప్పలేవా? ముందే స్తోత్రం సెప్పీడం విశ్వాసమే గదా వదినా?"

"ముందు సెప్పేది ప్రార్థన. అది సేస్తన్నాను. గురువారం నుంచి సేస్తన్నాను."

"స్తోత్రం గావాల నాకు!"

కృపావతి అత్త దబ్బనాన్ని బరకంలో గుచ్చి వదిలేసింది. గాలికి కొట్టు రేకు ఒకటి టపటప కొట్టుకుంటోంది. "సూడకుండా సెప్పను అబిగేలూ" అంది. అంతే. మళ్లీ దబ్బనం అందుకుంది.

అబిగేలు లేచి నా ముఖం వంక చూసింది. నేను ఇంతవరకు చెప్పిన అబద్ధాలకి లెక్కలేదు, వాటిలో ఒక్కటి కూడా నా మీద అలా తిరగబడలేదు. "అబిగేలక్కా, అది నేను ఊరికే..." అన్నాను. ఆమె వినలేదు. భయపడ్డ మనిషికి అబద్ధమని చెప్పినా ఎక్కదు. అంతకుముందు నిజమని అంత బాగా చెప్పింది నేనే.

ఆదివారం చర్చి నిండిపోయింది. ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. కిటికీల బయట, ఫెర్రీ లేక రోడ్డు చుట్టు తిరిగి వచ్చిన అచ్చిబాబు గారు, ఆయన కొట్టు మనుషులు. ఫ్యాన్లు తిరుగుతున్నా ఉక్కపోత. వాన రాదు, గాలి ఆగదు. మూడో వరసలో, ఫ్యాను కింద, ఏలీయా ఎప్పుడూ కూర్చునే కుర్చీ. అబిగేలు ఆ కుర్చీలో వాడి బైబిలు పెట్టింది, దాని మీద ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా మడత పెట్టింది. పక్క కుర్చీలో తను కూర్చుంది. ఆ రెండు కుర్చీల చుట్టూ ఎవరూ కూర్చోలేదు. స్థలం లేక గోడవారన నిలబడ్డారు గాని, అక్కడ మాత్రం కూర్చోలేదు.

పాటలయ్యాయి. కృపావతి అత్త లేచింది, కొంగు తల మీదికి లాక్కుంది. పేర్లు మొదలుపెట్టింది. మొదటి వరస అయింది. రెండో వరస అయింది. ప్రతి పేరుకీ మేము "స్తోత్రం" అంటున్నాం, కాని ఒక్కోసారికి గొంతులు తగ్గుతున్నాయి. మూడో వరస మొదలైంది. "అబిగేలుని కాపాడినందుకు స్తోత్రం" అంది. చూపు పక్క కుర్చీ మీదికి వచ్చింది. ఆగింది. ఎంతసేపని అడగకండి. ఆ లోపు ఒక ఓడ మద్రాసు వెళ్లి తిరిగి రావచ్చు. అబిగేలు రెండు చేతులతో ఆ చొక్కా పట్టుకుంది. కృపావతి అత్త పెదవులు కదిలాయి. ఏమీ రాలేదు. చూపు ఆ కుర్చీ దాటి, పక్క ఖాళీ కుర్చీ కూడా దాటి, అవతల కూర్చున్నవాడి మీదికి వెళ్లిపోయింది.

"శివాజీని కాపాడినందుకు స్తోత్రం."

ఎవరూ "స్తోత్రం" అనలేదు.

అబిగేలు నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపు కాదు అది. వెనకాల ముసలమ్మలు ఒకరిద్దరు అప్పుడే చావింట్లో చదివే కీర్తన గొణగడం మొదలుపెట్టారు. ఇక అయిపోయిందనుకున్నారు అందరూ. నేనూ అనుకున్నాను. నా కథని నేనే నమ్మేశాను, అంతకంటే భయం ఇంకేముంటుంది?

అప్పుడు శివాజీ లేచాడు. జ్వరం తగ్గని ముఖం, చెమటలు కారుతున్నాయి.

"నా పేరు ఎందుకు సెప్పినావప్పా? నా పేరు ఎందుకు? ఆడు రట్లాండ్ ఎల్లలేదు!"

పాస్టర్ లాయిడ్ గారు మైకు పక్కన పెట్టారు. "ఏంటి శివాజీ?"

"రట్లాండ్ ఎల్లలేదు పాస్టరు గారూ. తాబేలు రాయికి ఎల్నాడు. హావ్‌లాక్ అవతల, తూర్పు. అక్కడ మా ఇద్దరికే తెలిసిన రాయి ఒకటుంది నీళ్లల్లో. వంజరం అంతా దాని మీదే. ఎవులికీ సెప్పకూడదని ఒట్టేసుకున్నాం, పెళ్లాలకి కూడా. వచ్చీస్తాడులే అనుకున్నాను. సెప్పీస్తే రేపటికి పదిహేను డోంగీలు అక్కడుంటాయనుకున్నాను. అప్ప పేరు సెప్తాదని సూస్తున్నాను. సెప్తే ఇంక నాకేటి, వచ్చీస్తాడు గదా. సెప్పలేదు గదా! సెప్పలేదు!"

డోంగీలవాళ్ల మధ్య రాయి సంగతి మీకు తెలియదు. చేప దొరికే చోటు తండ్రి కొడుక్కి చెబుతాడు, అది కూడా చచ్చేముందు. శనివారం నుంచి పెద్ద పడవలు తప్పు సముద్రం వెతుకుతుంటే శివాజీ నోరు మూసుకుని కూర్చున్నది అందుకే. వాడిని తిట్టాలంటే ముందు నన్ను తిట్టాలి. పేరు పలికితే మనిషి తిరిగొస్తాడన్న నమ్మకం వాడికి ఎక్కించింది నేను.

అబిగేలు లేచి వాడి చొక్కా కాలరు పట్టుకుంది. "మూడు రోజులు! శివాజీ భయ్యా, మూడు రోజులు నా ముందే తిరిగినావు!" లాయిడ్ గారు అప్పటికే ఫోను చెవికి పెట్టుకుని బయటికి నడుస్తున్నారు. పావుగంటలో శివాజీని బండి ఎక్కించి పంపారు, పెద్ద పడవకి దారి చూపించడానికి.

మగవాళ్లంతా జెట్టీకి పరిగెత్తారు. ఆడవాళ్లు చర్చిలో మిగిలారు. స్తుతులు అయిపోయాయి కాబట్టి ప్రార్థన అంశాలు రావాలి. కృపావతి అత్త మోకాళ్ల మీద కూర్చుంది. కళ్లు మూసుకుంది. ఆమె కళ్లు మూసుకోవడం నేను చూడటం అదే మొదలు. ఒకటే మాట, "ప్రభువా, వెతికేవాళ్లకి కళ్లియ్యి." మళ్లీ అదే. నేను జెట్టీకీ చర్చికీ మధ్య ఆరుసార్లు తిరిగాను, ఆరుసార్లూ అదే మాట. సాయంత్రం నాలుగుకి గాలి పెరిగి, చర్చి కప్పు రేకు ఒకటి లేచిపోయి మామిడి చెట్టులో చిక్కుకుంది. ఆమె తల తిప్పలేదు. అబిగేలు మాత్రం ఆమె పక్కన కూర్చోలేదు. గుమ్మం దగ్గర కూర్చుని, ఆ చొక్కా ఒళ్లో పెట్టుకుని, ఆడపడుచు వీపు వంకే చూస్తూ ఉంది. ఆ చూపు నాకు నచ్చలేదు. ఏలీయా శవమై వస్తే ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య ఇక దారి ఉండదని తెలిసిపోతోంది.

సోమవారం పొద్దున పదకొండు గంటలకి అవతలి ఒడ్డున ఫీనిక్స్ బే రేవులో దింపారు వాడిని. ఇంజన్ చచ్చిపోయి, తాబేలు రాయికి తూర్పున ఇరవై మైళ్లు కొట్టుకుపోయాడట. ఇంకో రోజు గడిస్తే అవతలంతా ఒట్టి సముద్రం, వెతికేవాడే ఉండడు. నీలం బరకం కప్పుకుని పడుకున్నాడు, దాని మడతలో పట్టిన వాన నీళ్లు తాగాడు. ముడి ఊడలేదు. పెదవులు పగిలి, కళ్లు లోపలికి పోయి, మనిషి ఏలీయాకి తాతలా ఉన్నాడు. అబిగేలు వాడిని పట్టుకుని జెట్టీ మీదే కూర్చుండిపోయింది. కృపావతి అత్త రాలేదు. నేను ఇవతలి ఒడ్డుకొచ్చి, పరిగెత్తుకెళ్లి చెబితే, "బతికున్నాడా?" అంది. "ఉన్నాడు" అన్నాను. దబ్బనంలో దారం ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించింది, ఎక్కలేదు. నన్ను ఎక్కించమంది.

ఆదివారం ఏలీయా ఇద్దరి భుజాల మీద చేతులేసుకుని వచ్చి మూడో వరసలో ఫ్యాను కింద కూర్చున్నాడు. అదే తెల్ల చొక్కా. ఒకటో వరస, రెండో వరస, మూడో వరస. "అబిగేలుని కాపాడినందుకు స్తోత్రం." చూపు పక్కకి వచ్చింది. "నా తమ్ముడు ఏలీయాని..." మిగతాది అబిగేలు లేచి చెప్పింది. మేము అన్న "స్తోత్రం" గోల్ ఘర్‌లో అచ్చిబాబు గారికి వినపడింది, తూకం రాళ్లు కదిలాయట. ఇది నేను కల్పించింది కాదు, ఆయనే చెప్పాడు.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ఆమెని పట్టుకున్నాను. "అత్తా, నాకొక్కడికే నిజం చెప్పు. శివాజీ దగ్గర రహస్యం ఉందని నీకు ముందే తెలుసు. వాడి నోరు తెరిపించాలనే ఏలీయా పేరు మింగేశావు. ఆపై వెంటనే వాడి పేరు చెప్పావు. అవునా, కాదా? ఫెర్రీ మీద ఇలాగే చెబుతాను మరి."

ఆమె ఒంగి చెప్పు తొడుక్కుని, కొంగు సర్దుకుని, నా వంక చూసింది.

"ఏట్రా నీ వాగుడు? శివాజీ కడుపులో ఏటుందో నాకెలాగ తెలుస్తాది? ఆడు ఏలీయా పక్క కుర్చీకి అవతల కూర్చున్నాడు, వరసలో ఆడి పేరు వచ్చింది. నాను ఎవుల్నీ సంపలేదు, ఎవుల్నీ ఒడ్డుకి తేలేదు. కుర్చీల్లో ఎవులున్నారో సూసి ఆ పేర్లు సెప్తాను. మంచాన పడ్డోళ్లు చర్చికి రారు గాబట్టి ఆళ్ల పేర్లు సెప్పను. ఒక్కసారి, చెట్ల కింద ఆరాధన సేసిన రోజున, కార్ నికోబార్ ఎల్లిన మీ మావని సూడకుండా క్షేమంగా ఉన్నాడని స్తోత్రం సెప్పీసినాను. అప్పటికే ఆయన నీళ్లల్లో ఉన్నాడు. పోయిన ఆదివారం ఏలీయా కుర్చీలో ఒట్టి చొక్కా ఉంది. చొక్కాకి స్తోత్రం సెప్పమంటావేటి?"